దోషిని కఠినంగా శిక్షించగలరని మనవి

నవ్వుతరని తెలిసే చెప్తున్న. నవ్వుండ్రి, ఫరక్ లేదు. నాకు మాత్రం ఈ ముచ్చట యాదికొచ్చినప్పుడల్లా చెవులు ఎర్రగైతయి, పండ్లు పటపట కొరుకుత. ఒక్క నిమిషంల కట్టేస్తే ఖతమయ్యే చలానాను చర్చి దాక, పోలీస్ స్టేషన్ దాక, ఆఖరుకు కోర్టు మెట్ల దాక మోసుకపోయిన మనిషిని నేను. ఇంకెవలో నా మీద పగబట్టి చేస్తే వాళ్లను తిట్టుకుంట బతికేదాన్ని. గట్ల గాదాయె. సొంత తెలివితోని, మంచి దస్తూరితోని, నాకు నేనే చేసుకున్న.

నా పేరు ప్రశాంతి. మా నాయనమ్మ పెట్టింది. పుట్టంగనే ఏడ్వలేదట, గందుకని. ఆ తర్వాత ఆ పేరుకు నేను చేసిన అన్యాయం అంతా ఇంతా గాదు. అందరికి కోపం ముక్కు మీద ఉంటది, నాకు నాలిక మీద ఉంటది. ముక్కు మీదుంటే కనీసం ఎదుటోనికి కనబడుతది, పక్కకు జరుగుతడు.

మేముండేది గోదావరిఖనిల, కంపెనీ క్వార్టర్ల. మా డాడీ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డంపర్ ఆపరేటర్. డంపరంటే రోడ్ల మీద తిరిగే లారీ అనుకునేరు. దాని టైరే మా డాడీ కంటె ఎత్తుంటది, మీదికెక్కనీకి నిచ్చెన ఉంటది. గసొంటి బండిని ఇరువై ఆరేండ్ల సంది నడుపుతున్నడు, ఎక్కడ ఒక్క గీత పడనియ్యలే. గని లోపల డంపర్ల స్పీడుకు లిమిటు ఉంటది. అందరు ఆ లిమిటును గని గేటు కాడ ఇడిసిపెట్టి ఇంటికొస్తరు. మా డాడీ ఎంట తెచ్చుకుంటడు. స్కూటీ మీద లక్ష్మీనగర్ మార్కెటుకు పోతుంటే ఎన్కనుంచి సైకిలోళ్లు బెల్లు కొట్టేటోళ్లు. ఒకసారి పెండ్లి బరాతు మమ్మల్ని దాటుకొని పోయింది. గుర్రం మీది పెండ్లికొడుకు తిరిగి చూసిండు. ఒట్టు, అబద్ధం గాదు.

గసొంటి మనిషి పేరు మీద ఓవర్ స్పీడ్ చలానా వచ్చింది. గంటకు డెబ్బయ్యొక్క కిలోమీటర్లు.

నడిపింది నేను.

అగో, అప్పుడే తీర్పు చెప్పకుండ్రి. ఎందుకు నడిపిన్నో ఇనుండ్రి ముందుగాల.

అప్పుడు ఇంటర్ సెకండియర్ చదువుతున్న. పదిహేడేండ్ల ఎనిమిది నెలలు. లైసెన్సు లేదు, గని బండొచ్చు. దోస్తు పిల్ల దాని బండి మీద కాలనీ గ్రౌండుల నేర్పింది. డాడీ డ్యూటీకి కంపెనీ బస్సుల పోతడు. మమ్మీ ప్రైవేటు బడిల టీచరు, ఎనిమిది కొట్టంగనే పోతది. స్కూటీ ఇంటి ముందట ఉంటది, తాళంచెవి గోడకు మేకుకు ఉంటది, నేను దాని కింద నిలబడి ఉంట. ఇగ మిగిలింది మీకే సమజైతది. డాడీకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. పెట్రోల్ మీద వచ్చింది. "టాంకీ కారుతున్నట్టున్నది" అని మెకానిక్ కాడికి రెండుసార్లు తీస్కపోయిండు. ఆయన టాంకీ అంతా ఇప్పి చూసి, ఏం దొరకక, ఇజ్జత్ కోసం మూతకు కొత్త వాషరేసి పంపిండు.

ఆ దినం హెల్మెట్ పెట్టుకొని, మొఖానికి చున్నీ చుట్టుకొని, కండ్లు తప్ప ఏం కనబడకుండ కాలేజీకి పోతున్న. మేడిపల్లి సెంటర్ దాటినంక ఎన్కనుంచి రాకేష్‌గాడు కొత్త బైకు మీదొచ్చిండు. మా క్లాసే. బండిని చూసి గుర్తుపట్టిండు. పక్కపొంటి వచ్చి హారన్ కొట్టి అన్నడు:

"ఏయ్ ప్రశాంతీ! ఆగిందా, నడుస్తున్నదా? తాడున్నది, కట్టి గుంజుకపోవాల్నా?"

తాడు! నా చెయ్యి దానంతటదే తిరిగింది, నేను తిప్పలే. స్కూటీ ముందుగాల నమ్మలేదు. పదకొండేండ్ల బతుకుల దాన్ని ఎవలూ గట్ల అడిగినోళ్లు లేరు. ఒకపారి దగ్గింది, ముసలోళ్లకు చలిజ్వరమొచ్చినట్టు వణికింది, ఆ తర్వాత డాడీ కింద ఇన్నేండ్లు దాచుకున్న జోరంతా బయటికి తీసింది. అద్దాలు గడగడ కొట్టుకుంటున్నయి. నంబర్ ప్లేటు డప్పు లెక్క మోగుతున్నది. రాకేష్‌గాడు పక్కకొచ్చిండు, పక్కనే ఉన్నడు, ఇగో ఎన్కబడ్డడు! నేను ముందట! ఎన్కకు తిరిగి చూసి చున్నీ లోపట్నుంచే నవ్విన. చున్నీలకెల్లి నవ్వు కనబడదని అప్పుడు సోయి లేదు.

మల్ల ముందుకు తిరిగేసరికి రోడ్డు పక్కన పోలీసు జీపు, దాని పక్కన మూడు కాళ్ల మీద ఏదో మషీన్ కనబడ్డది. రోడ్డు సర్వేనేమో అనుకున్న. నా తెలివి గట్లున్నది.

నాలుగు దినాలకు మెసేజొచ్చింది. నా ఫోనుకు గాదు, బండి ఎవలి పేరున ఉన్నదో వాళ్ల ఫోనుకు. డాడీ ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద చాయ్ తాగుతున్నడు. పక్క క్వార్టర్ రాజేశం కాక సుత కూసున్నడు. ఇద్దరు ఒకటే గనిల చేస్తరు. డాడీది బటన్ల ఫోను, అండ్ల ఇంగ్లీషు మెసేజొస్తే కాకకిచ్చి చదివించుకుంటడు.

"ఇదేంది రాజేశం, బ్యాంకోళ్లా?"

కాక ఫోనును దూరం పెట్టి చదివిండు. దగ్గర పెట్టి చదివిండు. "అన్నా, చలానా. ఓవర్ స్పీడ్."

"ఎవలికి?"

"నీకే. డెబ్బయ్యొక్కటి."

"డెబ్బయ్యొక్క రూపాయలా? కట్టేద్దాం తీయ్."

"రూపాయలు గాదన్నా, స్పీడు! నువ్వు గంటకు డెబ్బయ్యొక్క కిలోమీటర్లు పోయినవట!"

అని కాక నవ్వుడు షురువు చేసిండు. చాయ్ ముక్కులకెల్లి వచ్చేదాక నవ్విండు. డాడీ నవ్వలే. లేచి నిలబడ్డడు. మా డాడీ గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడూ చూడలే. ఆ దినం మా లైనుల ఉన్న అన్ని క్వార్టర్ల తలుపులు తెరుసుకున్నయి.

"నేనా? డెబ్బయ్యొక్కటా? వారమంత నడిపింది కలిపితే గూడ గంత కాదు గదరా! కట్టుడు గాదు ముచ్చట! ఇరువై ఆరేండ్ల సర్వీసు నాది. రేపు గనిల తెలిస్తే మేనేజర్ పిలిచి లైసెన్సు తీయంటే ఏం చూపియ్యాలె? దానికి మచ్చ పడితే డంపర్ ఎక్కనిస్తరా నన్ను?"

నాకు అప్పటిదాక అది నా చలానా. ఆయనకు అది అన్నం పెట్టే లైసెన్సు.

"ఫోటో సుత ఉంటదట అన్నా," అన్నడు కాక. "పాపా, నీ ఫోన్ల తీయరాదు."

తీసిన. లోపటింట్లకు పోయి తీసిన. ఎన్కనుంచి కొట్టిన ఫోటో. నేను, నా హెల్మెట్, నా కాలేజీ బ్యాగు, మా బండి నంబరు పెద్దగ, సాఫ్‌గ. పక్కన, ఫోటో అంచుకు, రాకేష్‌గాని బైకు ముందల చక్రం. గంతే. వాని నంబర్ ఫోటోల పడలే, గందుకే వానికి చలానా లేదు! నా కంటె జర మెల్లగ పోయిండని వాడు బతికిపోయిండు! నాకు భయమేసుడు పోయి కోపమొచ్చింది. మీరే చెప్పుండ్రి, రాదా?

బయటికొచ్చి, "సర్వర్ డౌన్ ఉన్నది డాడీ" అన్న.

ఇప్పుడు నా ముందట ఏమేం తొవ్వలున్నయో చూడుండ్రి. నిజం చెప్పి నాలుగు దెబ్బలు తినొచ్చు. మమ్మీ చెవుల ఏసి ఆమెతోని చెప్పించొచ్చు. "పోనీ డాడీ, పెద్దోళ్లతోని మనకెందుకు, కట్టేద్దాం" అని మెత్తగ నచ్చజెప్పొచ్చు, కడితే ఫోటో ముచ్చటే రాదు. బుద్ధున్నోళ్లు ఈ మూడిట్ల ఏదో ఒకటి చేస్తరు. నేనేం చేసిన్నంటే, నా మీద అనుమానం రావద్దని, డాడీ కంటె ఎక్కువ కోపం చేసిన.

"కట్టద్దు డాడీ! కడితే తప్పు ఒప్పుకున్నట్టే! ఎవడో దొంగ మన నంబరేసుకొని తిరుగుతున్నడు. ఊకుందామా? అర్జీ పెట్టాలె, కేసు చెయ్యాలె!"

డాడీ నా దిక్కు చూసిన చూపు నాకిప్పటికీ యాదికున్నది. "చూసినవా రాజేశం? కొడుకుంటే కొడుకు లేస్తడు. నాకు బిడ్డ లేసింది."

మమ్మీ వంటింట్లకెల్లి తలకాయ బయటపెట్టింది. చేతుల కరివేపాకు రెమ్మ. "నీకెందుకే గంత కోపం?" అన్నది.

"న్యాయం కోసం మమ్మీ!"

"ఓహో," అని లోపటికి పోయింది.

అర్జీ నేనే రాసిన. తెలుగుల నాకు క్లాసు ఫస్టు. ఆ దినం నా చదువంతా ఏకమై పెన్నులకు దిగింది. "నిష్కళంకుడైన నా తండ్రిగారి" అని రాసిన. "మచ్చలేని సేవాచరిత్ర" అని రాసిన. ఆఖరుకు, "కావున సదరు దోషిని తక్షణమే గుర్తించి, వయసుగాని, ఆడామగా తేడాగాని చూడక, చట్టప్రకారం కఠినంగా శిక్షించగలరని మనవి" అని రాసి కింద గీత కొట్టిన. ఆ వయసు, ఆడామగా ఎందుకు రాసిన్నని అడుగకుండ్రి. వాక్యం నిండుగ ఉంటదని రాసిన. ఉరితాడుకు పూలు కుట్టినట్టు.

డాడీ దాన్ని పది కాపీలు జిరాక్స్ తీపిచ్చిండు. గని క్యాంటీన్ల కాకతోని చదివిచ్చిండు. "మా ప్రశాంతి రాసింది" అని ప్రతొక్కరికి చెప్పిండు. ఆదివారం చర్చిల ప్రార్థన మనవులు చెప్పుమన్నప్పుడు, రోగాలోళ్లు, పెండ్లిళ్లోళ్లు అందరు అయినంక, సంఘంల పెద్దైన మా డాడీ లేచిండు.

"సంఘానికి వందనాలు. నేను డెబ్బయ్యొక్కటి పోయిన్నని రాసిండ్రు. మీరందరు నన్ను ఎరిగినోళ్లే."

పాస్టర్ అయ్యగారికి నవ్వాగలే, దగ్గు లెక్క మార్చుకున్నడు. తర్వాత కండ్లు మూసుకొని, అసలు దోషి ఎక్కడ దాగి ఉన్నా వెలుగులకు రావాలని చెయ్యి పైకెత్తి ప్రార్థన చేసిండు. ఆడోళ్ల దిక్కు మూడో వరుసల కూసోని నేను అందరి కంటె గట్టిగ "ఆమెన్" అన్న. పక్కన మమ్మీ ఒక కన్ను తెరిచి చూసింది.

సోమవారం డాడీ డ్యూటీ దిగినంక ట్రాఫిక్ పోలీస్ స్టేషనుకు బయలెల్లినం. చలానా నాటి పొద్దు డ్యూటీల ఉన్నట్టు గని ఆఫీసు కాగితం డాడీ జేబుల. పెద్దమనిషి లెక్క రాజేశం కాక ఎంట. నేను రానంటే రానన్న.

"అర్జీ రాసిందానివి నువ్వు రాకుంటెట్ల? సార్ ఏదన్న అడిగితే ఇంగ్లీషుల చెప్పాలె," అన్నడు డాడీ. మమ్మీ వాకిట్లకొచ్చి, "పో బిడ్డా, న్యాయం కోసం," అన్నది.

ఎస్సై సార్ మంచాయన. ముగ్గురికీ కుర్చీలేసిండ్రు. అర్జీ మొత్తం చదివి, "ఎవలు రాసిండ్రు? మస్తుగున్నది," అన్నడు.

"నా బిడ్డనే సార్."

సార్ నన్ను ఒకపారి చూసి కంప్యూటర్ల ఫోటో తీసి స్క్రీన్ మా దిక్కు తిప్పిండు. డాడీ అద్దాలు పెట్టుకున్నడు. మడ్‌గార్డు మీద సిలువ స్టిక్కరు, దాని కింద నంబర్ ప్లేటుకు డాడీ సొంతంగ కట్టిన ఎర్ర వైరు.

"సార్..." అన్నడు డాడీ. "బండి మాదే."

"మరి మీద కూసున్నది?"

"ఆడపిల్ల లెక్కున్నది."

రాజేశం కాక తొడ మీద కొట్టుకున్నడు. "అన్నా, సమజైంది! నువ్వు డ్యూటీకి పోంగనే ఎవతో దొంగపిల్ల బండి తీస్కపోయి, మల్ల తెచ్చి పెడుతున్నది!"

"గందుకేనా పెట్రోల్ తగ్గుతున్నది!" డాడీ లేచి నిలబడ్డడు. "టాంకీ రెండుసార్లు ఇప్పిచ్చిన సార్!"

ఎస్సై సార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. ఆయనకు అప్పుడే తెలిసిపోయిందని నాకిప్పుడు అనిపిస్తది. మెల్లగ అడిగిండు, "ఇంట్ల ఇంకెవలన్న బండి నడుపుతరా? ఈ పాప?"

"ఇదా? దీనికి సైకిలే సక్కగ రాదు సార్," అన్నడు డాడీ.

నా పండ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నయి.

"భయస్తురాలు. రోడ్డు దాటాలన్నా నా చెయ్యి పట్టుకుంటది."

చెవులు వేడైనయి. ఊకున్న. మీరు నన్ను మెచ్చుకోవాలె, గంత దాక ఊకున్న.

సార్ కుర్చీల ఎన్కకు ఒరిగిండు. "చూడుండ్రి పెద్దాయనా. ఇన్నేండ్లు గసొంటి బండ్లు నడిపి ఒక్క తప్పు లేని మనిషిని ఈ చలానాతోని పరేషాన్ చెయ్యబుద్ధి గాదు. ఈ ఫోటోల ఇంకో బైకు చక్రం సుత ఉన్నది, చూసిండ్రా? మీ స్కూటీని చూస్తే డెబ్బయి పోయేటట్టు లేదు."

"కొండ మీదికెల్లి తోసినా పోదు సార్," అన్నడు కాక.

"గంతే గదా. ఆ స్పీడు ఈ బైకోనిదే అయ్యుంటది. మషీన్ల వాని స్పీడ్ పడి, ఫోటోల మీ నంబర్ పడ్డది. అనుమానం కింద రాసి పైకి పంపుత, రద్దైతది." సార్ పెన్ను తీసిండు, మూత తీసిండు. ఒక కాగితం ముందటేసుకున్నడు. "ఇంటికాడ బండికి మంచి తాళమేసుకోండ్రి," అని నా దిక్కు చూసిండు.

అయిపోయింది. మీకు సమజైతున్నదా? అంతా అయిపోయింది! డాడీ మొఖంల వారం సంది లేని నవ్వొచ్చింది. చర్చిల ప్రార్థన చేసిండ్రు గదా, ఇగో సగం నెరవేరింది, సగం నెరవేరకుండ నేను బతికిపోయిన. ఇంకో రెండు నిమిషాలు కుర్చీల కూసోని సీలింగ్ ఫ్యాను చూస్తే చాలు.

సార్ రాసుకుంట, పైకే చదువుకుంటున్నడు. "బైకు... అతివేగంగా వచ్చి... సదరు స్కూటీని దాటి వెళ్తుండగా..."

"దాటలే!"

అందరు నా దిక్కు తిరిగిండ్రు. నేను సుత నా దిక్కే చూసుకున్న, ఎవలన్నరని.

"ఏంది బిడ్డా?" అన్నడు డాడీ.

ఆగొచ్చు. గప్పుడన్న ఆగొచ్చు. "ఏం లేదు డాడీ, కలగన్న" అనొచ్చు. నేను కుర్చీల కెల్లి లేచి స్క్రీన్ కాడికి పోయి వేలు పెట్టి చూపిచ్చిన.

"వాడు దాటలే సార్! చూడుండ్రి, వాని ముందల చక్రం నా ఎన్క చక్రం కాడ ఉన్నది! దాటితే ముందట ఉండాలె గదా! వాడు ఎన్కనే ఉన్నడు. వాడు తాడు కడ్తనన్నడు సార్! నేనే వాణ్ని దాటేసిన! డెబ్బయ్యొక్కటి వానిది గాదు, నాది!"

రాజేశం కాక నోరు తెరిచి మూసుడు మరిచిండు. సార్ పెన్నుకు మెల్లగ మూత పెట్టిండు. ఆ టిక్కుమన్న సప్పుడు నాకిప్పటికీ ఇనబడుతది.

"నీకు ఎన్నేండ్లమ్మా?"

నాకు కోపం ఇంకా దిగలేదు. "పదిహేడేండ్ల ఎనిమిది నెలలు!" అన్న, ఏదో ఫస్టు ర్యాంకు చెప్పినట్టు.

"లైసెన్సు?"

గప్పుడు దిగింది. నెత్తి నుంచి అరికాలు దాక ఒక్కసారే దిగి, నేలల కలిసిపోయింది.

సార్ మా అర్జీని మల్ల చేతిలకు తీస్కున్నడు. ఆఖరు వాక్యం మీద వేలు పెట్టి చదివిండు. "వయసుగాని, ఆడామగా తేడాగాని చూడక..." ఇగ చదవలే. "ఏం చెయ్యాల్నమ్మా ఇప్పుడు? నువ్వే రాసినవ్," అన్నడు. ఆయన గొంతుల నవ్వు లేదు. "నువ్వు చెప్పకముందు నాకేం తెల్వదు. ఇంతమంది ముందట నువ్వు చెప్పినంక, తెల్వదని నేనెట్ల రాయాలె?"

ముందు వట్టి చలానానే. ఇప్పుడు ముచ్చట మైనర్ పిల్ల బండి నడుపుడు. అండ్ల కేసు పిల్ల మీద గాదు, బండి ఇచ్చిన పెద్దోళ్ల మీద. డాడీ ఇయ్యలేదు, ఆ ముచ్చట కోర్టుల చెప్పుకోవాలె. బండి తెచ్చి స్టేషన్ల పెట్టుమన్నరు. డాడీ కాగితం మీద సంతకం పెట్టిండు. గంత పెద్ద డంపర్‌ను వెంట్రుక వాసి తేడా లేకుండ ఒడ్డు కాడ నిలబెట్టే చెయ్యి, ఆ దినం పేరు రాయనీకి రెండుసార్లు ఆగింది. నా మీద నాకు గంత కోపం అంతకుముందు రాలే, తర్వాత రాలే. రాకేష్‌గాడు ఎటో పోయిండు మనసుల కెల్లి.

ఆటోల ఇంటికొచ్చినం. కాక రెండుసార్లు, "అయినా డెబ్బయ్యొక్కటంటే మాటలు గాదు పాపా," అని, డాడీ చూసేసరికి ఊకున్నడు.

వాకిట్ల మమ్మీ నిలబడి ఉన్నది. మా మొఖాలు చూసి, "చెప్పిందా?" అని డాడీని అడిగింది.

"నీకు తెలుసా?" అన్నడు డాడీ.

"మొదటి దినమే తెలుసు. తప్పు లేనోళ్లకు గంత కోపం రాదు."

"మరి నాకు చెప్పవేంది మమ్మీ!" అని మొత్తుకున్న నేను.

"నువ్వే చెప్తవని చూసిన. నువ్వు అర్జీ రాస్తివి."

తెల్లారి డాడీ తనంతట తనే మేనేజర్ కాడికి పోయి జరిగింది చెప్పిండు. వాళ్లకు ఇంకో తొవ్వల తెలిసేకంటె తన నోటితోని చెప్తే నయమని. కోర్టుల తేలేదాక డంపర్ ఎక్కద్దన్నరు. తొమ్మిది దినాలు షెడ్డు కాడ టైర్లకు గాలి చూసే పని చేసిండు. ఇరువై ఆరేండ్ల తర్వాత, తాను ఎక్కే బండి ఇంకొకలు ఎక్కుతుంటే కింద నిలబడి చూసిండు. రోజూ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని చాయ్ తాగేటోడు. నాతోని మాట్లాడేటోడు గాదు. తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు. నేనే చాయ్ చేసిచ్చేదాన్ని. తీస్కునేటోడు, గిలాస మీద కెల్లి నన్ను చూసేటోడు గాదు.

ఆదివారం చర్చిల మాత్రం లేచిండు. "ప్రార్థన ఆలకించబడ్డది," అన్నడు. "దోషి దొరికింది. మూడో వరుసల కూసున్నది." సంఘమంతా ఒక్కసారి తిరిగింది. అయ్యగారికి ఆ దినం దగ్గు సుత అక్కరకు రాలే.

కోర్టుల జడ్జి మేడం ఇద్దరం చెప్పింది ఇన్నది. తండ్రి ఇయ్యకుండ తీస్కపోయిన్నని నేనే చెప్పిన, ఈసారి అడిగినంకనే చెప్పిన. జుర్మానా ఏసింది, తాళంచెవులు దాచిపెట్టుకోవాలని డాడీకి, ట్రాఫిక్ వాళ్ల క్లాసుకు నాలుగు ఆదివారాలు పోవాలని నాకు చెప్పింది. డాడీ లైసెన్సు జోలికి పోలే. రేపటినుంచి డంపర్ ఎక్కొచ్చు.

బయట మెట్ల మీద నిలబడ్డం. డాడీ జేబు రుమాలు తీసి మొఖం తుడుసుకున్నడు. పదకొండు దినాల తర్వాత నాతోని మాట్లాడిండు.

"బిడ్డా."

"డాడీ." నాకు ఏడుపొచ్చింది.

"బండి తీసినవ్, తప్పు. అబద్ధమాడినవ్, ఇంకా పెద్ద తప్పు. అర్జీ రాసినవ్, దానికి పేరే లేదు."

"అవును డాడీ."

డాడీ అటిటు చూసిండు. మెట్ల మీద మాకు తెలిసినోళ్లు ఎవలూ లేరని నమ్మకమైనంక, నా చెవి కాడికి వంగిండు. చర్చిల పెద్ద, గనిల మచ్చలేని మనిషి, నా నిష్కళంకుడైన తండ్రిగారు, కోపంతోని పండ్ల సందులకెల్లి అన్నడు:

"ఆ సార్ రాసుడు అయ్యేదాక, ఒక్క రెండు నిమిషాలు, నోరు మూసుకొని కూసుంటే నీ సొమ్మేం పోయేదే?"

గందుకని, ఇది చదువుతున్న పెద్దలందరి సాక్షిగ, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్న. ఇకమీదట నేను ఏ ఆఫీసుల కూసున్నా, ఏ ఆఫీసర్ నా తరఫున ఎంత తప్పుడు ముచ్చట రాస్తున్నా, ఆయన రాసుడు పూర్తయి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, సిరా ఆరేదాక పెదవి కదపను. ఆ కాగితాన్ని మడిచి సంచిల పెట్టుకుంట, వందనాలు చెప్త, మెల్లగ గేటు దాటుత, చౌరస్తా దాటుత, గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల జిల్లాల కాలు పెడ్త.

గప్పుడు మొత్తుకుంట.